పాపకు వైరస్ లేదన్నారు, మరి నెమ్ము ఎందుకు చేస్తోంది?

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకచోట పెట్టుకుంటాను. మీ చెల్లెలికి ఏడో నెలలో చేసిన పరీక్షలో హెచ్‌ఐవీ ఉన్నట్టు తెలిసింది. అప్పుడు సీడీ4 లెక్క, అంటే రోగనిరోధక శక్తిని నడిపించే ఒక రకం తెల్లరక్తకణాల సంఖ్య, 290. ఆ వారంలోనే ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణచే మందుల చికిత్స) సెంటర్‌లో మందులు మొదలుపెట్టారు, నెలలు నిండాక కాన్పు అయింది, పాపకు వైరస్ సోకకుండా పుట్టిన రోజు నుంచి నెవిరపిన్ సిరప్ పోశారు, 6వ వారంలో చేసిన పరీక్షలో వైరస్ లేదని వచ్చింది. పాప తల్లిపాలు తాగుతోంది. ఇప్పుడు మూడున్నర నెలలు. ఈలోగానే రెండుసార్లు నెమ్ము చేసి ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చింది. వైరస్ సోకని బిడ్డకు రోగనిరోధక శక్తి ఎందుకు తగ్గాలి, అది ఎప్పటికీ అలాగే ఉంటుందా, పాలు మాన్పించాలా, తల్లి సంగతేమిటి అని అడిగారు. ఏఆర్‌టీ సెంటర్లలో చాలా ఏళ్లు పనిచేసిన వైద్యుడిగా నాకు తెలిసినంత మేరకు చెబుతాను.

కారణాలు వివరించే ముందు ఒక పని చెప్పాలి, ఎందుకంటే అది ఆగకూడదు. పాపకు వైరస్ పరీక్ష, అంటే డీఎన్‌ఏ పీసీఆర్, ఈ వారంలోనే మళ్లీ చేయించండి. మామూలుగా ఈ పరీక్ష 6 వారాలకు, 6 నెలలకు, 12 నెలలకు చేసి, 18 నెలలకు యాంటీబాడీ పరీక్షతో తేలుస్తారు. కానీ పాలు తాగుతున్న బిడ్డకు ఈ నడుమ రెండుసార్లు నెమ్ము చేసినప్పుడు 6వ నెల వచ్చేదాకా చూడనక్కర్లేదు. 6వ వారంలో వచ్చిన నెగటివ్‌కు అర్థం, గర్భంలోగాని కాన్పులోగాని వైరస్ సోకినట్టు ఆ రోజుకు కనబడలేదని మాత్రమే. ఆ తరువాత పాల ద్వారా సోకే అవకాశాన్ని అది చెప్పలేదు. పైగా బిడ్డ సిరప్ తాగుతున్న రోజుల్లో రక్తంలో వైరస్ ఉన్నా అతి తక్కువగా ఉండి పరీక్షకు అందకపోవచ్చు. మడమ మీద చిన్న గాటు పెట్టి, వడపోత కాగితం మీది గుండ్రాల్లో రక్తపు చుక్కలు పడనిచ్చి, ఎండ తగలని చోట ఆరబెట్టి పంపే పరీక్షే అది. పాపకు పెద్ద బాధ ఉండదు. ఒకవేళ వైరస్ ఉన్నట్టు తేలితే ఆ రోజే చికిత్స మొదలుకావాలి. దక్షిణాఫ్రికాలో జరిగి 2008లో ఫలితాలు ప్రచురించిన అధ్యయనంలో, 6 నుంచి 12 వారాల వయసులోనే మందులు మొదలుపెట్టిన పిల్లల్లో, ఆగి మొదలుపెట్టినవారితో పోలిస్తే మరణాలు 76 శాతం తగ్గాయి. చికిత్స లేకపోతే సోకిన పిల్లల్లో సుమారు సగం మంది రెండేళ్లు దాటరని ఆఫ్రికా అనుభవం చెబుతోంది.

ఆ పరీక్షలోనూ నెగటివ్ వస్తుందనే అనుకుందాం, ఎందుకంటే ఇన్ని మందులు సకాలంలో అందిన బిడ్డలో ఎక్కువగా జరిగేది అదే. అయినా మీ మొదటి ప్రశ్న నిలిచే ఉంటుంది. దానికి నా జవాబు: అవును, హెచ్‌ఐవీ సోకకుండా బయటపడిన పిల్లల్లో కూడా తొలి నెలల్లో రక్షణ కొంత తక్కువగా ఉంటుంది, ఆ లోటుకు మూలం చాలావరకు బిడ్డలో కాదు, గర్భం దాల్చిన నాటికి తల్లి ఒంట్లో ఉన్న పరిస్థితిలో ఉంటుంది.

పుట్టిన బిడ్డ సొంతంగా యాంటీబాడీలు తగినంత తయారు చేసుకోలేదు. తొలి ఆరు నెలలు అది ఎక్కువగా తల్లి ఇచ్చిన అప్పు మీద బతుకుతుంది. ఐజీజీ అనే రకం యాంటీబాడీలు మాయ (ప్లాసెంటా) గుండా బిడ్డ రక్తంలోకి చేరతాయి. ఐజీఎం, ఐజీఏ రకాలు మాయ దాటవు. ఈ చేరవేత మూడో నెల చివర మొదలైనా అసలు వేగం చివరి మూడు నెలల్లో, ముఖ్యంగా ఆఖరి నాలుగు వారాల్లో ఉంటుంది. అందుకే నెలలు నిండి పుట్టిన ఆరోగ్యవంతుడైన బిడ్డ రక్తంలో ఐజీజీ తల్లి రక్తంలో కంటే కాస్త ఎక్కువగానే ఉంటుంది, నెల తక్కువ బిడ్డకు ఆ మూట సగంలోనే కట్టవలసి వస్తుంది. ఈ యాంటీబాడీలు వాటంతట అవి జారిపోవు. మాయలోని కణాల మీద ఎఫ్‌సీఆర్‌ఎన్ అనే గ్రాహకం ఒక్కొక్కదాన్ని పట్టుకుని ఇవతలి నుంచి అవతలికి దాటిస్తుంది.

హెచ్‌ఐవీ ఇక్కడ రెండు విధాలుగా అడ్డుపడుతుంది. మొదటిది, సరుకు నాణ్యత. ఈ వైరస్ సీడీ4 కణాలను దెబ్బతీస్తుందని అందరికీ తెలుసు గాని, ఆ దెబ్బ అన్నిటికన్నా ముందుగా, గట్టిగా పేగు గోడలో తగులుతుందన్న సంగతి తక్కువగా చెప్పుకుంటాం. పేగు గోడ కాపలా పలచబడితే అక్కడి సూక్ష్మజీవుల ముక్కలు రక్తంలోకి చేరుతూ ఉంటాయి, రోగనిరోధక వ్యవస్థ ఎడతెగని ఉద్రిక్తతలో ఉండిపోతుంది. యాంటీబాడీలు తయారు చేసే బీ కణాలు ఆ ఉద్రిక్తతలో గురి లేకుండా పనిచేస్తాయి. రక్తపరీక్షలో మొత్తం ఐజీజీ మామూలుకన్నా ఎక్కువ కనిపిస్తుంది, కానీ నెమ్ము తెచ్చే న్యుమోకాకస్ బ్యాక్టీరియాను, ధనుర్వాతాన్ని, కోరింత దగ్గును గురిచూసి పట్టే యాంటీబాడీలు మాత్రం తక్కువగా ఉంటాయి. రెండోది, రవాణా. మాయ మీది గ్రాహకాలకు ఒక పరిమితి ఉంది. పండగ ముందురోజు ఆర్టీసీ బస్టాండును తలుచుకోండి: బస్సులో సీట్లు అన్నే, కింద జనం మాత్రం మూడింతలు, సీట్లన్నీ నిండే ఉంటాయి, కానీ ఊరికి తప్పనిసరిగా చేరవలసిన మనిషి కిందే నిలబడిపోతాడు. పనికిరాని ఐజీజీ తల్లి రక్తంలో కిక్కిరిసి ఉన్నప్పుడు, పనికొచ్చే ఐజీజీ బిడ్డకు చేరే వాటా తగ్గడం అలాంటిదే.

ఇది ఊహ మీద చెబుతున్న మాట కాదు. కేప్‌టౌన్ శివారు ఖయెలిత్షాలో తల్లులను, నవజాత శిశువులను పరీక్షించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, హెచ్‌ఐవీ ఉన్న తల్లులకు పుట్టిన, సోకని బిడ్డల్లో హిబ్ (పసిపిల్లల్లో నెమ్ము, మెదడు పొరల వాపు తెచ్చే ఒక బ్యాక్టీరియా), కోరింత దగ్గు, న్యుమోకాకస్, ధనుర్వాతం వ్యాధులకు చెందిన యాంటీబాడీలు పుట్టుక నాటికే తక్కువగా కనిపించాయి. అంతకుముందు 1997లో జింబాబ్వే రాజధాని హరారేలో మొదలైన, 14,110 తల్లీబిడ్డల జంటలను చేర్చుకున్న పెద్ద అధ్యయనం దీని ఫలితాన్ని మరింత కఠినంగా చూపించింది. హెచ్‌ఐవీ లేని తల్లుల బిడ్డల్లో రెండేళ్లలోపు మరణాలు 2.9 శాతం కాగా, హెచ్‌ఐవీ ఉన్న తల్లులకు పుట్టి తమకు సోకని బిడ్డల్లో అవి 9.2 శాతం. ఆ తల్లులకు నేటి మందులు లేవు, ఆ దేశపు పేదరికం వేరు; కాబట్టి ఆ అంకెలను మీ పాపకు అన్వయించవద్దు. కానీ పరీక్షలో నెగటివ్ రావడమూ, మామూలు బిడ్డతో సమానంగా రక్షణ ఉండటమూ ఒకటే కాదన్న సంగతి దాని వల్లనే బలంగా తెలిసింది.

బిడ్డ సొంత కణాల్లోనూ కొన్ని తేడాలు చూశారు. వైరస్ బిడ్డలోకి రాకపోయినా దాని ప్రొటీన్లు, తల్లి ఒంట్లోని వాపు రసాయనాలు గర్భంలో బిడ్డకు తగులుతూనే ఉంటాయి. బొడ్డుతాడు రక్తంలో టీ కణాలు అనే రక్షక కణాలు కొన్ని ముందే ఉద్రేకపడి ఉండటం, తొలి వారాల్లో రక్తకణాలు సూక్ష్మజీవి ఎదురైతే అవసరానికి మించి వాపు రసాయనాలు విడుదల చేయడం ఇలాంటివే. ఊరట కలిగించే విషయమేమిటంటే, దక్షిణాఫ్రికా పిల్లలను నెలల తరబడి గమనించినప్పుడు ఈ తొలినాటి అతి స్పందన ఏడాది నిండేసరికి సర్దుకుంది. మీ రెండో ప్రశ్నకు ఇదే జవాబు. ఇది తొలి ఆరు నెలల్లో ఎక్కువగా కనిపించే లోటు, తరువాత క్రమంగా తగ్గుతుంది, పుట్టుకతో వచ్చిన శాశ్వత లోపంగా దీన్ని చూడకూడదు.

ఒకప్పటి సంగతి చెబితే నా మాట ఇంకా స్పష్టపడుతుంది. మేము పనిలో చేరిన రోజుల్లో కాన్పు నొప్పులు మొదలైనప్పుడు తల్లికి 200 మిల్లీగ్రాముల నెవిరపిన్ మాత్ర ఒక్కటి, పుట్టిన బిడ్డకు కొద్ది చుక్కల సిరప్ ఒక్కసారి ఇచ్చేవాళ్లం. ఉగాండాలో 1999లో తేలిన ఆ పద్ధతి వైరస్ సోకడాన్ని దాదాపు సగానికి తగ్గించింది, అప్పటికి అదే వరం. కానీ ఆ ఒక్క మాత్ర గడప దగ్గర వైరస్‌ను అడ్డుకునేదే తప్ప, తొమ్మిది నెలలుగా తల్లి రక్తంలో జరిగినదాన్ని మార్చలేదు. సీడీ4 వంద కూడా లేని తల్లి ఒడిలో, పరీక్షలో నెగటివ్ అయిన బిడ్డ మూడో నెలలో విరేచనాలతోనో నెమ్ముతోనో రావడం మాకు తరచు కనిపించేది. మేము కూడా మీలాగే కాగితం వంక, బిడ్డ వంక మార్చి మార్చి చూసేవాళ్లం. 2014 జనవరి 1 నుంచి మన దేశంలో గర్భిణులందరికీ సీడీ4తో నిమిత్తం లేకుండా జీవితకాలం ఏఆర్‌టీ ఇవ్వడం మొదలయ్యాక ఆ దృశ్యం బాగా అరుదయింది. బెల్జియంలో తల్లీబిడ్డలను పరిశీలించి 2019లో వెలువరించిన ఫలితాల్లో, గర్భం రాకముందే మందులు మొదలుపెట్టిన తల్లుల పిల్లలు జబ్బు చేసి ఆసుపత్రిలో చేరడం, గర్భంలో మందులు మొదలుపెట్టిన తల్లుల పిల్లలకన్నా తక్కువగా ఉంది. మీ చెల్లెలికి మందులు అందేనాటికి ఏడో నెల. వైరస్‌ను అణచడానికి ఆ వ్యవధి సరిపోయి ఉండవచ్చు, ముఖ్యంగా ఇప్పుడు ఇస్తున్న డొలుటెగ్రవిర్ అనే మందు వైరస్‌ను త్వరగా దించుతుంది. చెదిరిన బీ కణాలు కుదుటపడటానికి మాత్రం రెండు మూడు నెలలు చాలవు. మీ పాప నెమ్ముకు నాకు కనిపించే వివరణల్లో ఇది ముఖ్యమైనది. ఇంట్లో పొగ, ఇరుకు గది, దగ్గుతున్న పెద్దవాళ్లు కూడా ఆ వివరణలో భాగమే కావచ్చు, వాటినీ చూడండి.

ఇప్పుడు చేయగలిగింది టీకాలు. ఖయెలిత్షా అధ్యయనంలోనే నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం దీనికి సంబంధించినది: పుట్టుకతో యాంటీబాడీలు తక్కువ ఉన్న ఆ పిల్లలకు టీకాలు వేశాక స్పందన మిగతా పిల్లలకు ఏమాత్రం తీసిపోలేదు, కోరింత దగ్గు విషయంలో మెరుగ్గా కూడా ఉంది. అంటే అప్పు తక్కువ దొరికినా సొంత సంపాదన బాగుంది. కాబట్టి 6, 10, 14 వారాల పెంటావాలెంట్ టీకాలు, వాటితోపాటు వేసే న్యుమోకాకల్, రోటావైరస్, పోలియో టీకాలు వాయిదా పడకూడదు. మీ పాపకు నెమ్ము కారణంగా 14 వారాల టీకా తప్పి ఉంటే, జ్వరం తగ్గిన వెంటనే వేయించండి. "బలహీనంగా ఉంది, ఇంకో నెల ఆగుదాం" అన్న సలహా సరిగ్గా తిరగేసిన సలహా. తట్టు విషయంలో తల్లి ఇచ్చిన రక్షణ ఈ పిల్లల్లో త్వరగా అడుగంటుతుంది గనుక, హెచ్‌ఐవీ నీడలో పుట్టిన పిల్లలకు 6వ నెలలో ఒక అదనపు డోసు గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇది మీ పిల్లల డాక్టరును అడగండి, 9వ నెల డోసు మాత్రం ఎలాగూ తప్పకూడదు. కోట్రైమాక్సజోల్ మందు 6వ వారం నుంచి పోస్తూ ఉండాలి. అది కొన్ని రకాల నెమ్ము నుంచి కాపాడుతుంది. ఇది ఆగిపోయిందా అన్నది నేను మొదట అడిగే ప్రశ్నల్లో ఒకటి, మీ ఉత్తరంలో దాని ప్రస్తావన లేదు.

పాపను చేర్చిన ఆసుపత్రిలో తల్లి సంగతి చెప్పారా? చాలా కుటుంబాలు చెప్పవు, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ అది తెలియని డాక్టరు ఈ నెమ్మును మామూలు నెమ్ముగా చూసి, ఆలోచించవలసిన రెండు మూడు కారణాలను వదిలేస్తారు. 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఆ సమాచారాన్ని రహస్యంగా ఉంచడం వారి బాధ్యత.

పాల విషయానికి వస్తే, మాన్పించవద్దు, మందులు తప్పకుండా వేసుకుంటున్నంతకాలం. మాయ దాటని ఐజీఏ బిడ్డకు పాలలోనే అందుతుంది. రక్షణ మూట తక్కువగా తెచ్చుకున్న బిడ్డకు ఈ ఆదాయం కూడా ఆపడం మంచి లెక్క కాదు. బోట్స్‌వానాలో తల్లులకు డబ్బాపాలు ఉచితంగా ఇచ్చేవారు. 2006 తొలి నెలల్లో భారీ వర్షాల తరువాత విరేచనాలు ప్రబలినప్పుడు ఆసుపత్రుల్లో చేరి చనిపోయినవారిలో అత్యధికులు తల్లిపాలు తాగని పసివాళ్లే. మరోవైపు, ఆఫ్రికా దేశాలతోపాటు మన దేశంలోనూ జరిగిన ప్రామిస్ అధ్యయనంలో తల్లి మందులు వాడుతూ పాలిచ్చినప్పుడు 6 నెలల వరకు వైరస్ సోకింది 0.3 శాతం మందికి, 12 నెలల వరకు 0.6 శాతం మందికి. ప్రమాదం సున్నా కాదు, కానీ మీ పాప పరిస్థితిలో రెండు పక్కలా తూచితే తక్కెడ పాలవైపే మొగ్గుతుంది.

అయితే తొలి ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వాలి, వేరేది కలపకూడదు. 1999లో డర్బన్ పరిశోధకులు చూపించినది ఇదే: పాలతోపాటు ఇతర పదార్థాలు పెట్టిన పిల్లల్లో వైరస్ ఎక్కువగా సోకింది. వేరే పదార్థం లేత పేగు గోడను గీరుకుపోయేలా చేసి దారి ఇస్తుందని భావిస్తారు. మన ఇళ్లలో ఈ "ఇతర పదార్థం" డబ్బాపాల రూపంలోనే రాదు. పుట్టగానే నాలుక మీద తేనె, రెండో వారంలో ఆముదం, సాయంత్రం ఏడిస్తే గ్రైప్ వాటర్, అమ్మమ్మ ఉగ్గుగిన్నెలో వసకొమ్ము అరగదీసి పోసే ఉగ్గు, వేసవిలో రెండు చెంచాల నీళ్లు. ఇవన్నీ ప్రేమతో పోసేవే, అడిగితే "ఏమీ పెట్టడం లేదండీ, పాలొక్కటే" అని మనస్ఫూర్తిగా చెబుతారు, ఎందుకంటే వాళ్ల లెక్కలో ఉగ్గు ఆహారం కాదు. అందుకే నేను "పాలు తప్ప ఏమిస్తున్నారు" అని అడగడం మానేసి, "ఉగ్గుగిన్నె ఎక్కడుంది, చివరిసారి ఎప్పుడు కడిగారు" అని అడగడం అలవాటు చేసుకున్నాను. డాక్టరు రాసిన మందులు, సిరప్‌లు ఈ నిషేధంలోకి రావు.

మరో జాగ్రత్త. తొమ్మిది పది నెలల వయసులో ఎవరైనా పాపకు మామూలు కార్డు పరీక్ష చేసి పాజిటివ్ అంటే బెంబేలెత్తిపోవద్దు. మా దగ్గరకు పది నెలల బాబును తీసుకొచ్చిన ఒక కుటుంబం, ఏదో ల్యాబులో అలాంటి కార్డు మీద రెండు గీతలు చూసి, అప్పటికే పాలు మాన్పించి, టీకాలు ఆపేసి, వారం రోజులుగా ఇంట్లో పొయ్యి వెలిగించకుండా కూర్చున్నారు. ఆ కార్డు చూపించింది బాబు వైరస్‌ను కాదు, మాయ గుండా అమ్మ నుంచి వచ్చి ఇంకా మిగిలి ఉన్న యాంటీబాడీలను. డీఎన్‌ఏ పీసీఆర్ నెగటివ్ వచ్చింది, 18 నెలలకు ఆ యాంటీబాడీలు కూడా పోయాయి. ధనుర్వాతానికి, తట్టుకు రక్షణ ఇచ్చే యాంటీబాడీలు ఏ దారిన వస్తాయో హెచ్‌ఐవీ యాంటీబాడీలూ ఆ దారినే వస్తాయి. 18 నెలల వరకు ఆగమనడానికి కారణం అదే.

ఇక తల్లి. గర్భం హెచ్‌ఐవీని ముదరనిస్తుందన్న భయం అక్కర్లేదు. గర్భంలో రక్తంలోని ద్రవభాగం దాదాపు సగం మేర పెరిగి కణాల లెక్క పలచబడుతుంది, అందువల్ల సీడీ4 తగ్గినట్టు కనిపిస్తుంది. లింఫోసైట్ అనే తెల్లకణాల్లో సీడీ4లు ఎంత శాతమో చూస్తే పెద్దగా మారదు. మీ చెల్లెలి 290లో కొంత ఈ పలచదనం కూడా ఉంది, కాన్పు తరువాత మళ్లీ చూస్తే మెరుగ్గా ఉండవచ్చు. నాకు అంతకన్నా ముఖ్యం వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క. కాన్పుకు ముందు 32, 36 వారాల నడుమ చేసి ఉంటే ఆ అంకె ఆమె ఏఆర్‌టీ పుస్తకంలో ఉంటుంది, మందులు మొదలుపెట్టిన ఆరు నెలలకు మరోసారి చేస్తారు, ఆమె విషయంలో ఆ గడువు దాదాపు వచ్చేసింది. పాప పాలకు భద్రత ఆ అంకె మీదే ఆధారపడి ఉంది.

కాన్పు తరువాతి నెలల్లో తల్లిలో నేను వెతికేది క్షయ. గర్భంలో బిడ్డను భరించడానికి కొంత మెత్తబడిన రోగనిరోధక వ్యవస్థ కాన్పు కాగానే మళ్లీ బిగుసుకుంటుంది, అంతవరకు నిద్రాణంగా ఉన్న క్షయ అప్పుడు బయటపడుతుంది. పుణెలో హెచ్‌ఐవీ ఉన్న బాలింతలను గమనించినప్పుడు, క్షయ వచ్చిన తల్లుల్లోనూ వాళ్ల బిడ్డల్లోనూ మరణ ప్రమాదం బాగా పెరిగినట్టు తేలింది. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, ఈ నాలుగింటిలో ఒక్కటి ఉన్నా "బాలింత నీరసం" అని సరిపెట్టకుండా పరీక్ష చేయించాలి. పాపకు రెండుసార్లు నెమ్ము చేసిందంటే ఆమెకే కాక ఇంట్లో దగ్గుతున్న ప్రతివారికీ కఫం పరీక్ష జరగాలి. క్షయ లేదని తేలితే నివారణ మందు గురించి సెంటర్‌లో మాట్లాడండి. ఆ మందును గర్భంలోనే మొదలుపెట్టినవారిలో చిక్కులు కొంత ఎక్కువగా కనిపించాయని 2019లో ఒక అధ్యయనం చెప్పింది గాని, ఆమెకు ఆ దశ దాటిపోయింది.

కాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయి అయిదో నెలలో అత్తింటికి బయలుదేరుతుంది. మాత్రలు తప్పేది సరిగ్గా ఆ ప్రయాణంలోనే. పాత సెంటర్‌లో బదిలీ కాగితం రాయించుకోకుండా, నెలకు సరిపడా మాత్రలు చేతిలో లేకుండా ఆమెను పంపకండి. అక్కడి దగ్గరి సెంటర్ ఏదో తెలియకపోతే 1097కు ఫోన్ చేస్తే చెబుతారు. అత్తింట్లో సీసా మీది పేరు ఎవరైనా చదువుతారన్న బెరుకు ఉంటే సెంటర్‌లోని కౌన్సెలర్‌తో ముందే మాట్లాడించండి, ఇలాంటివి వాళ్లకు రోజూ వచ్చే ప్రశ్నలే. పాప పీసీఆర్ ఫలితం వచ్చాక, తల్లి వైరల్ లోడ్ అంకెతో కలిపి రాయండి. కోట్రైమాక్సజోల్ నడుస్తోందో లేదో కూడా రాయండి.